సిగ్నల్ పడని దారి

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నెల కిందట ఫోను చేసి, "సుబేదార్ సాబ్, ఈసారి యుద్ధాల గురించి వద్దు. మీరు ఊళ్ళు బాగా తిరిగారు కదా, ఏదైనా ఒక యాత్ర గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. సరేనన్నాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, నేను తిరిగిన వాటిల్లో గొప్పగా చెప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి గాని, మీకు ఉపయోగపడేది ఒక్కటే కనిపించింది. అది నేను తప్పు చేసిన రోజు. అందుకని దాన్నే ఎంచుకున్నాను.

నేను 1978లో ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేరాను. బెంగుళూరు సెంటర్‌లో స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాను. శక్తిమాన్ నడిపాను, వన్ టన్ నడిపాను, జోంగా నడిపాను, ఆఖర్న స్టాలియన్ నడిపాను. జైసల్మేరు ఇసుకలో నడిపాను, లేహ్ దారిలో మంచు మీద నడిపాను. చివరి పదేళ్ళు కుర్రాళ్ళకు డ్రైవింగు నేర్పే ఉస్తాదుగా ఉన్నాను. 2008లో పింఛను తీసుకున్నాను. ఇదంతా డప్పు కొట్టుకోవడానికి చెప్పడం లేదు. ఇంత తెలిసినవాడు కూడా ఐదు కిలోమీటర్ల ఇసుకలో ఎలా బోల్తా పడ్డాడో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఆ చోటు ధనుష్కోటి. మనవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. రామేశ్వరం ఉన్నది ఒక ద్వీపం మీద. పాంబన్ ద్వీపం అంటారు. రామేశ్వరం పట్టణం నుంచి ఆగ్నేయంగా ఆ ద్వీపం సన్నని ఇసుక నాలుకలాగా సముద్రంలోకి సాగిపోతుంది. ఎడమ చేతి వైపు పాక్ జలసంధి, కుడి చేతి వైపు మన్నార్ సింధుశాఖ. అక్కడివాళ్ళు ఎడమ వైపు నెమ్మదిగా ఉండే నీటిని ఆడ సముద్రమనీ, కుడి వైపు అలలు కొట్టే నీటిని మగ సముద్రమనీ అంటారు. రెండూ కలిసే కొనకు అరిచల్‌మునై అని పేరు. అక్కణ్ణుంచి శ్రీలంకలోని తలైమన్నార్ ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. మధ్యలో ఉన్న ఇసుక దిబ్బలే మనం రామసేతువని దణ్ణం పెట్టుకునేవి.

ఇవాళ ఆ కొనదాకా తారు రోడ్డుంది. నేను చెప్పే సంగతి రోడ్డు లేని కాలం నాటిది. 2011 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం.

మా నాన్నగారు పోయేముందు కాశీ వెళ్ళి గంగ తెచ్చారు. రాగి చెంబుకు సీలు వేసి ఉంటుంది, మీకు తెలుసు. ఆ గంగను తీసుకెళ్ళి రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయించాలి, సేతువు దగ్గర ఇసుక తీసుకుని మళ్ళీ ప్రయాగలో కలపాలి. అప్పటికి గాని కాశీయాత్ర పూర్తయినట్టు కాదని మా వైపు పెద్దల మాట. ఆయనకు ఆ రెండో సగం కుదరలేదు. చెంబు మా అమ్మ పూజ అలమరలో ఆరేళ్ళు ఉండిపోయింది. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ ఏమీ అనేది కాదు, ఆ చెంబును చింతపండు పెట్టి తోమేది. ఆ తోమడమే నాకు సమన్లు. ఆఖరికి ఆ జనవరిలో అమ్మను, నా భార్యను తీసుకుని బయల్దేరాను. అమ్మకు అప్పటికి డెబ్భై నాలుగేళ్ళు.

రామేశ్వరంలో తెల్లవారుజామున అభిషేకం అయింది. ఇరవై రెండు తీర్థాల స్నానాలు అయ్యాయి. ఇక ఇసుక మిగిలింది. సాయంత్రం అయిదు దాటాక మా చెన్నై రైలు. పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయవచ్చు కదా అనుకున్నాం.

అప్పట్లో మూన్రామ్ సత్రం దాకా రోడ్డు ఉండేది. అక్కడ రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యేది. దాని తర్వాత పాత ధనుష్కోటి ఊరు ఐదు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి కొన మరో నాలుగున్నర కిలోమీటర్లు. దారి లేదు. నీటిపక్కన, నీటిలో, ఇసుక మీద పోవాలి. దానికి అక్కడివాళ్ళు నడిపే పాత ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్లుండేవి. పైన టాపు, పక్కల ఖాళీ, లోపల ఎదురెదురు బల్లలు. ఎన్నిసార్లు రంగు వేశారో లెక్క లేదు. అడుగున ఉప్పు తిన్న రేకు. పదిహేను, ఇరవై మందిని ఎక్కించి, చూపించి, కథ చెప్పి, తీసుకొచ్చి దింపేవారు. నడిపేవాడే గైడు.

మాకు దొరికిన డ్రైవరుకు యాభై అయిదేళ్ళ లోపు. పంచె పైకి మడిచి కట్టాడు. కాళ్ళకు చెప్పులు లేవు. యాత్రికులతో మాట్లాడి మాట్లాడి తెలుగు ముక్కలు నేర్చుకున్నాడు. నేను ఎక్కేముందు అలవాటు కొద్దీ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాను. టైర్లలో గాలి సగమే ఉంది. పర్లేదు, వీడికి పని తెలుసు అనుకున్నాను. గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, ఇసుకలో దిగబడదు. మేము జైసల్మేరులో నేర్పిన మొదటి పాఠం అదే. నేను ముందు సీట్లో అతని పక్కన కూర్చుని, "అణ్ణా, నేనూ డ్రైవరునే, మిలిటరీ" అన్నాను. అతను నవ్వి, "అయితే సార్‌కు భయం లేదు" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. అక్కడే మొదలైంది తిప్పలు.

బండి కదిలింది. మిత్రులారా, ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పాలంటే, రోడ్డు మీద బండి మనల్ని మోస్తుంది, అక్కడ బండినే మనం మోస్తున్నట్టు ఉంటుంది. ఒకచోట ఎండిన తెల్లటి ఇసుక, ఒకచోట తడిసి గట్టిపడ్డ ఇసుక, ఒకచోట చీలమండల లోతు నీళ్ళు. అతను బ్రేకు అసలు తొక్కడం లేదు. ఆపాలంటే బండిని దానంతట అది ఆగేలా వదిలేస్తున్నాడు. మలుపు తిప్పితే వెడల్పుగా తిప్పుతున్నాడు. నేను మనసులో మార్కులు వేస్తూ కూర్చున్నాను.

ఎడమ పక్క లోతులేని నీళ్ళలో గులాబీ రంగు కాళ్ళతో ఫ్లెమింగోలు వందల కొద్దీ నిలబడి ఉన్నాయి. మన సూళ్ళూరుపేట దగ్గర పులికాట్‌కు చలికాలంలో వస్తాయే, అవే. వెనక కూర్చున్న పిల్లలు కేకలు పెట్టారు. మా అమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను డ్రైవరుతో, "అటువైపు చదునుగా ఉంది, అటు పోతే దగ్గర కదా?" అన్నాను. అతను తల అడ్డంగా తిప్పి, "పక్షి దిగిన చోట బండి దిగకూడదు సార్. అది బురదలో తింటుంది. పైన ఇసుక, కింద బురద" అన్నాడు. నేను విన్నాను. విన్నానంటే చెవితో విన్నాను.

పాత ధనుష్కోటిలో దింపాడు. చర్చి గోడలు నిలబడి ఉన్నాయి, పైకప్పు లేదు. అక్కడి కట్టడాలు సముద్రపు పగడపు రాయితో కట్టినవి. రైల్వే స్టేషను తాలూకు మొండి గోడలు, నీళ్ళ ట్యాంకు దిమ్మెలు, పోస్టాఫీసు, బడి. వాటి నీడలో తాటాకు గుడిసెలు వేసుకుని చేపలు పట్టేవాళ్ళు కాపురముంటున్నారు. కరెంటు స్తంభం లేదు. ఇసుకలో నాలుగైదు అడుగులు తవ్విన గుంటలోంచి ఒక ఆడమనిషి నీళ్ళు ముంచి మా అమ్మకు ఇచ్చింది. రెండు సముద్రాల మధ్య తియ్యటి నీళ్ళు. వానకు కురిసిన మంచినీరు బరువైన ఉప్పునీటి మీద తేలి ఇసుకలో నిలుస్తుంది. లోతు తవ్వితే ఉప్పగా వస్తుంది, అందుకే పైపైనే తవ్వుతారు. ఇది ఇంజనీర్ కోర్ సోదరులకు తెలిసే ఉంటుంది, నాకు ఆ రోజు తెలిసింది.

అక్కడ కూలిన స్టేషను ముందు నిలబడి డ్రైవరు 1964 సంగతి చెప్పాడు. ఒకప్పుడు మద్రాసు నుంచి వచ్చిన బోట్ మెయిల్ ధనుష్కోటిలో ఆగితే, జనం స్టీమరెక్కి తలైమన్నార్‌లో దిగి, మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. 1914లో పాంబన్ వంతెన వచ్చిన దగ్గర్నుంచి యాభై ఏళ్ళు అలా నడిచింది. కస్టమ్స్ ఆఫీసు, ఆసుపత్రి, సత్రాలు అన్నీ ఉన్న ఊరు. 1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను వచ్చింది. అలలు 7 మీటర్ల ఎత్తున లేచాయంటారు. ఆ రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటికి ఒక ప్యాసింజరు రైలు బయల్దేరింది. సిబ్బందితో కలిపి దాంట్లో సుమారు 115 మంది. ఊరు ఇంక దగ్గర్లోనే ఉందనగా సిగ్నల్ పడలేదు. డ్రైవరు రైలు ఆపి కాసేపు చూశాడట. చీకటి, గాలి, వాన. సిగ్నల్ రాలేదు. ఆఖరికి గట్టిగా ఈల వేసి ముందుకు పోనిచ్చాడట. అప్పుడు వచ్చింది ఆ అల. ఒక్కరూ మిగల్లేదు. మొత్తం ద్వీపంలో 1,800 మంది దాకా పోయారని చెబుతారు. తర్వాత మద్రాసు ప్రభుత్వం ఆ ఊరు మనుషులు ఉండడానికి పనికిరాదని ప్రకటించింది.

మన సావిత్రిగారు, జెమినీ గణేశన్‌గారు కూడా ఆ రోజుల్లోనే అక్కడికి వచ్చి, సమయానికి రామేశ్వరం తిరిగి వెళ్ళిపోవడం వల్ల బతికారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. మేము తెలుగువాళ్ళమని తెలిసి అతను ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పాడు. తనకు అప్పుడు ఎనిమిదేళ్ళనీ, ఆ రాత్రి తల్లితో పాటు రామేశ్వరంలో మేనమామ ఇంట్లో ఉండిపోవడం వల్ల మిగిలాననీ మాత్రం ఆఖర్న, బండి ఎక్కుతూ చెప్పాడు.

మా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. మాది దివిసీమ. నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన మా అమ్మ కళ్ళతో చూసింది. వేలమందిని, లెక్కలేనన్ని గొడ్లను ఒక్క సాయంత్రం తీసుకుపోయిన ఉప్పెన అది. కూలిన గోడల మధ్య నిలబడి ఆవిడ ఏం చూస్తోందో నాకు తెలుసు. నేను కదిలించలేదు.

కొనకు వెళ్ళాం. అమ్మ స్నానం చేసింది, అదీ మోకాళ్ళ లోతులో కూర్చుని చెంబుతో. అంతకంటే ముందుకు డ్రైవరు పోనివ్వలేదు. రెండు సముద్రాలు కలిసే చోట అడుగున సుడి లాగేస్తుందన్నాడు. గుప్పెడు ఇసుక గుడ్డలో మూటకట్టింది. "మీ నాన్న పని అయిపోయిందిరా" అంది. ఇంక సగం దారి తిరిగి రావడమే.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

పన్నెండు దాటాక ఈశాన్యపు గాలి లేచింది. ఆ నెలల్లో ఆ గాలి సహజమే. అది పాక్ జలసంధి నీటిని ఇసుక మైదానం మీదికి తోస్తుంది. మేము పొద్దున్న చీలమండల లోతులో దాటిన చోట ఇప్పుడు కాలవలాగా పారుతోంది. డ్రైవరు బండి ఆపి, దిగి, నీళ్ళలో నడిచి వెళ్ళి చూసి వచ్చాడు. "వెయిట్ పణ్ణుంగ సార్. గాలి తగ్గాలి. ఒక గంట, ఒకటిన్నర గంట" అన్నాడు. వాచీ చూస్తే ఒంటిగంటన్నర అయింది. గంటన్నర ఆగి, నెమ్మదిగా పోయి, రామేశ్వరంలో సామాను తీసుకుని, స్టేషనుకు చేరేసరికి రైలు దొరుకుతుందో లేదో. బండిలో ఇంకా రెండు కుటుంబాలవాళ్ళకూ అదే రైలు. గొణుగుడు మొదలైంది.

నేను కిందికి దిగి చుట్టూ చూశాను. ఎడమ పక్కన, కాస్త లోపలికి, అద్దంలాగా మెరుస్తున్న చదును నేల. మీద నీళ్ళు బెత్తెడు కూడా లేవు. జైసల్మేరులో పొడి ఇసుకే శత్రువు, తడి ఇసుక దొరికితే పండగ. నా లెక్క అది. "అటు పోనీ" అన్నాను. "వద్దు సార్" అన్నాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ వద్దన్నాడు. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను. "ముప్పై ఏళ్ళు ఆర్మీలో డ్రైవింగు నేర్పించినవాణ్ణి. నువ్వు నాకు చెప్పేదేమిటి? బండికి ఏమన్నా అయితే డబ్బు నాది, పోనీ" అన్నాను. వెనక ఉన్నవాళ్ళు కూడా నా వంతే పాడారు. అతను నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. గేరు వేశాడు.

రెండు వందల గజాలు బాగానే పోయింది. నేను అతని వైపు చూసి నవ్వాను కూడా. ఆ తర్వాత ముందు చక్రాలు మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా కిందికి దిగాయి. అతను వెంటనే ఇంజను వదిలేశాడు. నేను, "లో గేరులో రేజ్ ఇవ్వు, బయటపడుతుంది" అని అరిచాను. నేను నేర్పిన కుర్రాడెవడైనా ఆ మాట అంటే వాణ్ణి గ్రౌండు చుట్టూ పరుగెత్తించేవాణ్ణి. దిగబడ్డ బండికి రేజ్ ఇస్తే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుందని నాకు తెలీదా? కాని ఆ నిమిషంలో నోట్లోంచి వచ్చేసింది. అతను ఇచ్చాడు. నల్లటి బురద ఎగజిమ్మింది. బండి ఇరుసు దాకా కూరుకుపోయింది.

పొద్దున్న ఆ చోట ఫ్లెమింగోలు నిలబడి ఉండటం అప్పుడు గుర్తొచ్చింది.

నీళ్ళు మెల్లగా వస్తున్నాయి. అలల్లాగా కాదు, పళ్ళెంలో పోసినట్టు నాలుగు పక్కల నుంచీ. అరగంటలో చీలమండలు దాటి పిక్కల దాకా వచ్చాయి. వెనక ఒకామె ఒళ్ళో చంటిపిల్ల. అందరూ బల్లల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఇందాక "పోనీ, పోనీ" అన్నవాళ్ళే ఇప్పుడు నన్ను చూస్తున్నారు. గాలి అలాగే కొట్టి, నీళ్ళు ఇంకో రెండు అడుగులు పెరిగితే ఏమిటి పరిస్థితి? ఈ ప్రశ్న నాకు డ్యూటీలో చాలాసార్లు ఎదురైంది. కాని ఎప్పుడూ మా అమ్మ వెనక సీట్లో లేదు.

డ్రైవరు ఎవర్నీ తిట్టలేదు. చొక్కా విప్పి ఊపుతూ గుడిసెల వైపు పెద్దగా కేకవేశాడు. పది నిమిషాల్లో ఆరేడుగురు మత్స్యకారులు తాటిపట్టెలు, మోకులు భుజాన వేసుకుని వచ్చారు. ముందు మనుషులు, తర్వాతే బండి అన్నారు. పిల్లల్ని ఎత్తుకున్నారు. ఆడవాళ్ళను చెయ్యి పట్టి నడిపించారు. నేనూ, ఇంకో కుర్రాడూ నాలుగు చేతులు కలిపి కుర్చీలాగా పట్టి అమ్మను కూర్చోబెట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో మోశాం. ఫస్ట్ ఎయిడ్‌లో నేర్పిన పట్టు అది. అమ్మ ఒక చెయ్యి నా మెడ చుట్టూ వేసింది, రెండో చేత్తో ఇసుక మూటను తల మీద ఎత్తి పట్టుకుంది. ఎక్కడ అడుగు వెయ్యాలో ముందు నడిచే ముసలాయన కర్రతో గుచ్చి చూపించాడు. నేను అతను చూపిన చోటే అడుగు వేశాను. ఆ రోజు నేను మాట విన్నది అప్పుడే మొదటిసారి.

దిబ్బ ఎక్కాక అందరికీ ఊపిరి వచ్చింది. తర్వాత మేము మగవాళ్ళం వెనక్కి వెళ్ళాం. చక్రాల ముందు చేతులతో తవ్వి, తాటిపట్టెలు దోపి, ఇంకో వ్యానుకు మోకు కట్టి లాగాం. మేము శాండ్ చానల్ అని ఇనపరేకులు వాడేవాళ్ళం, వాళ్ళకు తాటిపట్టె. సూత్రం ఒక్కటే. రెండు గంటలు పట్టింది. అప్పటికి గాలి తగ్గింది. డ్రైవరు ఆగమన్న గంటన్నర ఆగి ఉంటే, కాళ్ళు తడవకుండా వెళ్ళేవాళ్ళం.

రైలు వెళ్ళిపోయింది. అది వేరే చెప్పక్కరలేదు.

చీకటి పడుతుండగా మూన్రామ్ సత్రం దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నా భార్య అత్తయ్యకు టీ పట్టిస్తోంది. నేను అమ్మతో, "కాళ్ళు నొప్పులా?" అన్నాను. అమ్మ నన్ను చూసి ఇలా అంది: "ఒరేయ్ అబ్బాయ్, ఉప్పెన రోజు పొద్దున్న వలలు అల్లుకునే ముసలాయన మన వాకిట్లోకొచ్చి, గాలి తిరిగింది, పిల్లల్ని తీసుకుని అవనిగడ్డ వైపు పొమ్మన్నాడు. మీ నాన్న ఎనిమిదెకరాల రైతు. కోత మీద ఉన్న చేను వదిలేసి, చిరిగిన పంచె కట్టుకున్న ఆ ముసలాయన మాట విని మనల్ని తీసుకెళ్ళాడు. పక్కింటివాళ్ళు నవ్వారు. వాళ్ళు లేరు. అందుకే నువ్వున్నావు." అంతే. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. 2016లో ఆవిడ కాలం చేసేదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నేను లేచి డ్రైవరు దగ్గరికి వెళ్ళాను. గేర్ బాక్సులో ఉప్పునీరు పోయిందేమోనని చూసుకుంటున్నాడు. "అణ్ణా, తప్పు నాది" అన్నాను. ఒప్పుకున్న డబ్బు కాక, బాగుచేయించడానికి కూడా ఇచ్చాను. అతను లెక్కపెట్టి సగం తిరిగి ఇచ్చేశాడు. "తప్పు నాది కూడా సార్. స్టీరింగు నా చేతిలో ఉంది. వద్దంటే వద్దు అనాలి" అన్నాడు. ఆ మాటతో నేను ఇంకా చిన్నవాణ్ణయిపోయాను.

మిత్రులారా, నేను ఈ సంగతి మీద చాలా ఆలోచించాను. నాకు ఇసుక తెలియక కాదు. తెలిసినందువల్లే దిగబడ్డాను. నాకు తెలిసింది థార్ ఇసుక. ఆ ఇసుక అతనిది. మనం ఫౌజులో మ్యాపు చదవడం నేర్చుకుంటాం, దాంతో పాటు లోకల్ గైడును పెట్టుకోవడం కూడా నేర్చుకుంటాం. కొండల్లో పోర్టర్ల మాట వినని పెట్రోలు ఉంటుందా? లేహ్‌లో ఊరివాడు "ఇవాళ ఆ వాలు కింద పోవద్దు" అంటే ఎంత పెద్ద ఆఫీసరైనా ఆగుతాడు. యూనిఫాం ఉన్నప్పుడు పాటించింది, యూనిఫాం తీసి యాత్రికుడినయ్యాక మర్చిపోయాను. డబ్బు ఇచ్చాం కాబట్టి గైడు మన నౌకరు అనుకుంటాం. అక్కడే మనకు సిగ్నల్ పోతుంది.

ఆ 1964 రైలు డ్రైవరును నేను తప్పుపట్టను. వెనక వంద ప్రాణాలు, ముందు చీకటి, ఎవరూ చెప్పేవాళ్ళు లేరు. ఆయనకు సిగ్నల్ రాలేదు. నాకు వచ్చింది. పక్క సీట్లో కూర్చుని తెలుగులో రెండుసార్లు "వద్దు సార్" అంది. నేను ఈల వేసి ముందుకు పోనిచ్చాను.

2025 ఆగస్టులో నేనూ, నా భార్యా మళ్ళీ రామేశ్వరం వెళ్ళాం. ఆ సంవత్సరం ఏప్రిల్ 6న ప్రారంభించిన కొత్త పాంబన్ వంతెన మీదుగా రైల్లో వెళ్ళాం. ఓడలు వస్తే 72.5 మీటర్ల పొడవున్న భాగం నిలువుగా పైకి లేస్తుంది. పక్కనే పాత వంతెన కనిపించింది. 1964 తుఫానులో దెబ్బతిన్న దాన్ని, నెలలు పడుతుందన్న పనిని, శ్రీధరన్‌గారు 46 రోజుల్లో నిలబెట్టిన సంగతి మనందరం గర్వంగా చెప్పుకునేదే. పేయ్‌కరుంబులో కలాంగారి స్మారకానికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాం. మన హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్.లో పనిచేసిన ఆ మహానుభావుడి తండ్రిగారు రామేశ్వరం నుంచి ధనుష్కోటికి యాత్రికుల్ని పడవలో దాటించేవారు. ఆ పడవను కూడా ఒక తుఫాను తీసుకుపోయింది.

ధనుష్కోటికి ఇప్పుడు 2017లో తెరిచిన రోడ్డుంది. మూన్రామ్ సత్రం నుంచి కొనదాకా 9.5 కిలోమీటర్లు, కార్లో పావుగంట. ఆ పాత వ్యాన్లు లేవు. నేను అడిగి అడిగి మా డ్రైవరును పట్టుకున్నాను. ఆటో నడుపుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత ఒక్కసారిగా, "ట్రెయిన్ మిస్ సార్!" అని నవ్వాడు. "పాట్టి?" అని అడిగాడు. లేదని చెప్పాను. ఇసుక ప్రయాగ చేరిందా అని అడిగాడు. 2012లో నేనే స్వయంగా కలిపానన్నాను. తల ఊపాడు.

అతని ఆటోలోనే కొనకు వెళ్ళాం. రోడ్డు చివర జనం, ఐస్‌క్రీం బండ్లు, ఫోటోలు. కొందరు కుర్రాళ్ళు హెచ్చరిక బోర్డు పక్కనుంచే నీళ్ళలోకి దిగుతున్నారు. అతను హారను కొట్టి కేకేశాడు. వాళ్ళు వినలేదు. నా వైపు తిరిగి, "రోడ్డు వచ్చింది సార్, మంచిదే. మా పిల్లలు బడికి పోతున్నారు. కాని రోడ్డు ఉంది కదా అని సముద్రం కూడా రోడ్డే అనుకుంటున్నారు" అన్నాడు. నేను ఆటో దిగి వెళ్ళి, నా ఉస్తాదు గొంతు తీసి ఒక్క అరుపు అరిచాను. బయటికి వచ్చారు. ఆ గొంతు ఇన్నాళ్ళకు ఒక మంచి పనికి వచ్చింది.

చివరిగా, మీలో పింఛను తీసుకుని యాత్రలకు బయల్దేరే సోదరులకు రెండు మాటలు. ధనుష్కోటి వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. చీకటి పడకముందే తిరిగి రండి, రోడ్డు మీద కూడా. కొన దగ్గర నీళ్ళలో లోపలికి దిగకండి. అండమాన్ వెళ్ళినా, కచ్ రణ్ వెళ్ళినా, ఎక్కడ తారు రోడ్డు ఆగిపోతుందో అక్కడ మన ర్యాంకు కూడా దిగిపోతుందని గుర్తుపెట్టుకోండి. కాళ్ళకు చెప్పుల్లేనివాడు "వద్దు సార్" అంటే, వాచీ చూసుకోకండి. ఆగండి. రైలు రేపు కూడా ఉంటుంది.

 జై హింద్.